టెన్నిస్ క్లబ్బుకి బాల్ మెషిన్: అద్దెకివ్వాలా, నెల కార్డు పెట్టాలా, మార్కర్ చేతికివ్వాలా?

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో టెన్నిస్ క్లబ్బంటే మామూలుగా రెండు కోర్టులు, కాస్త బాగా ఉన్న క్లబ్బయితే మూడు. తెల్లవారి ఐదున్నరకి పెద్దవాళ్ళ డబుల్స్, సాయంత్రం పిల్లల కోచింగ్, ఏడు దాటాక బ్యాంకు వాళ్ళూ డాక్టర్లూ, మిగతా టైమంతా కోర్టు ఖాళీగా ఎండుతూ ఉంటుంది. నెల చందా పెంచుదామంటే జనరల్ బాడీలో గొడవ, పెంచకపోతే నెట్టు మార్చడానికి కూడా ఎవరో ఒక దాతని పట్టుకోవాలి. అలాంటప్పుడే కమిటీలో ఎవరో ఒకరు బాల్ మెషిన్, అంటే ప్రాక్టీసుకి మనిషి బదులు బంతులు విసిరే యంత్రం, మాట ఎత్తుతారు. మంచి మాటే. కాకపోతే వెంటనే ఏ కంపెనీది, ఎంత స్పీడు అని ఫోన్లలో వీడియోలు చూసుకోవడం మొదలెడతారు, అది ఆఖర్న చూసుకోవాల్సిన సంగతి. ముందు తేలాల్సింది దాన్ని ఎవరు నడుపుతారు, ఏ గంటల్లో నడుపుతారు, డబ్బు ఏ లెక్కన తీసుకుంటారు అన్నది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఊళ్ళ సైజు క్లబ్బుకి మెషిన్‌ని గంటల అద్దెకివ్వడం అన్నిటికన్నా వీక్ పద్ధతి, మార్కర్‌ని (సభ్యులతో ఆడుతూ ఆట నేర్పే క్లబ్బు ఉద్యోగిని) వాటాదారుగా పెట్టుకుని నలుగురేసి బ్యాచులు నడపడం అన్నిటికన్నా నయం. లెక్కలు కింద ఇస్తున్నాను, అవి ఉదాహరణకి వేసుకున్న అంకెలే, మీ ఊరి రేట్లు పెట్టుకుని మళ్ళీ వేసుకోండి.

గంటలో అసలు ఆట ఎంత

మెషిన్ బుట్టలో 120 బంతులు పోశారనుకోండి, ఐదు సెకన్లకొకటి వదులుతోంది. నిమిషానికి పన్నెండు, అంటే పది నిమిషాల్లో బుట్ట ఖాళీ. ఇప్పుడు ఆ 120 బంతుల్నీ అద్దెకి తీసుకుని ఒక్కడే ఆడుతున్న మనిషే ఏరుకోవాలి, కంచె మూలల్లోవి, నెట్టు కిందవి, పక్క కోర్టులోకి పోయినవి, ఎంత చురుకైన మనిషికైనా ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. మొత్తం మీద గంటకి మూడు విడతలు, 360 బంతులు, కొట్టింది అరగంట, మిగతా అరగంట వంగి లేవడం. మొదటి వారం సరదాగానే ఉంటుంది. మూడో వారానికి "ఇవాళ నడుం పట్టేసిందండీ" అని ఫోన్ వస్తుంది. బాల్ బాయ్‌ని పెడితే బంతుల సమస్య తీరుతుంది గానీ, వాడి కూలీ ఆ గంట అద్దెలోంచే పోతుంది.

అదే నలుగురుంటే ఇద్దరు వంతులవారీగా కొడుతుంటే ఇద్దరు ఏరి బుట్టలో పోస్తుంటారు, పది నిమిషాలకోసారి జతలు మారతాయి. మెషిన్ దాదాపు ఆగదు. మధ్యలో నీళ్ళకీ, మాటలకీ పోను గంటకి 550 దాకా బంతులు వెళ్తాయి, తలా 130, 140. ఒక్కడే ఆడినదానికన్నా తక్కువే, కానీ ప్రతి బంతీ ఊపిరి తీసుకుని కొట్టింది. ఒక్కడే పది నిమిషాలు ఏకబిగిన కొడితే ఆఖరి నలభై బంతులూ అడ్డదిడ్డంగానే పోతాయి, తప్పుడు షాటే అలవాటవుతుంది.

ఇంకో సంగతి. మార్కర్ బుట్ట పట్టుకుని చేత్తో బంతులందిస్తున్నప్పుడు అతను నెట్టుకి అవతల ఉంటాడు, మెషిన్ ఆ పని చేస్తుంటే అతను మీ పక్కకి వచ్చి నిలబడి "రాకెట్ ముందే వెనక్కి తీయండి సార్, ఎడమ కాలు ముందుకి" అని చెప్పగలుగుతాడు. మెషిన్‌కి మనం డబ్బు పెట్టేది నిజానికి ఇందుకే. ఇది కొత్త ఆలోచనేం కాదు లెండి, మొసలి బొమ్మ టీషర్టుల పేరు గలాయన, ఫ్రెంచ్ ఆటగాడు రెనె లకోస్త్, 1920ల్లోనే చేత్తో తిప్పే బాల్ మెషిన్ తయారుచేసుకుని దాంతో ప్రాక్టీస్ చేశాడు.

పద్ధతులు, వాటి లెక్కలు

మెషిన్‌కి లక్షన్నర, బంతులకీ బుట్టలకీ పదిహేను వేలు, మొత్తం 1,65,000 పెట్టుబడి అనుకుందాం.

గంటల అద్దె: గంటకి 150 పెట్టారు, రోజుకి రెండు గంటలు, నెలకి ఇరవై రోజులు. వచ్చేది ఆరు వేలు. బాల్ బాయ్‌కి రెండు వేలు, బంతుల అరుగుదలకీ ఛార్జింగుకీ వెయ్యి తీసేస్తే మిగిలేది మూడు వేలు. పెట్టుబడి తిరిగి రావడానికి 55 నెలలు, అప్పటికి మెషిన్ ఉంటుందో లేదో. పైగా అద్దెకి తీసుకునేవాళ్ళందరికీ కావాల్సింది ఒకటే టైము, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది, ఆ టైములో ఒక్క మనిషి కోసం కోర్టు మొత్తం ఆపేస్తే డబుల్స్ వాళ్ళు ఊరుకుంటారా? "ఏటండీ సెక్రటరీ గారూ, నలుగురం ఆడే కోర్టు ఒక్క మనిషికిచ్చేస్తారేటి?" అని అడుగుతారు, అడగడంలో తప్పు కూడా లేదు. రోజూ వేరే చేయి పడే వస్తువు కాబట్టి రిపేర్లూ ఎక్కువే. నాబ్ ఎవరు విరగ్గొట్టారో ఎప్పటికీ తేలదు.

నెల కార్డు: నెలకి 800, అరగంటవి ఎనిమిది స్లాట్లు. ఇది జిమ్ములు నడిచే పద్ధతి, కట్టినవాళ్ళలో సగం మంది సగం రోజులే వస్తారు, ఆ ధీమాతోనే నడుస్తుంది. డబ్బు ముందే చేతికొస్తుంది, అదొక్కటే సుఖం. ఐదారు వందల మంది సభ్యులున్న నగరం క్లబ్బుకి ఇది బాగుంటుంది. ఎనభై మంది క్లబ్బులో కార్డు కొనేది పదిహేను మందే, వాళ్ళంతా మూడో నెలకి మానేస్తే మళ్ళీ కొత్తవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? పైగా అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే, వాడని స్లాట్లు వచ్చే నెలకి జరపమంటారు, కాదనలేరు. కార్డు పెట్టేదుంటే బ్యాచుల్లో చేరినవాళ్ళకి అదనపు సౌకర్యంగా పెట్టండి, విడిగా వద్దు.

మార్కర్‌తో నలుగురి బ్యాచ్: వారానికి మూడు రోజులు, నెలకి పన్నెండు క్లాసులు, మనిషికి 1,500. బ్యాచ్‌కి ఆరు వేలు. మూడు బ్యాచులు నిండితే పద్దెనిమిది వేలు. మార్కర్‌కి నలభై శాతం, అంటే 7,200. బంతులకీ కరెంటుకీ రెండు వేలు. క్లబ్బుకి మిగిలేది 8,800, పెట్టుబడి పంతొమ్మిది నెలల్లో వచ్చేస్తుంది. వానాకాలం నెలల్ని సగంగా లెక్కేసుకుంటే రెండేళ్ళు. అద్దె పద్ధతిలో వానల్ని లెక్కలోకే తీసుకోలేదు, తీసుకుంటే ఆ 55 నెలలు ఎక్కడికి పోతాయో చూసుకోండి.

మార్కర్ వాటా దగ్గర పిసినారితనం పనికిరాదు. చాలా కమిటీలు ఇక్కడే దెబ్బతింటాయి. మన క్లబ్బుల్లో మార్కర్‌కి క్లబ్బు ఇచ్చే జీతం తక్కువ, సభ్యులతో ఆడి వాళ్ళ దగ్గర గంటకింత అని తీసుకునేదే అతని బతుకుతెరువు. మెషిన్ వస్తోందంటే తన పొట్ట మీదకే వస్తోందని అతను అనుకుంటాడు, అనుకోవడం సహజం. వాటా ఇవ్వకుండా "ఇది కూడా చూసుకో" అన్నారనుకోండి, ఆ మెషిన్ రోజూ ఏదో ఒక ట్రబుల్ ఇస్తూనే ఉంటుంది, ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతారు, రిమోట్ కనపడదు, సభ్యులు వచ్చి "మెషిన్ కన్నా నువ్వే నయం" అని మళ్ళీ అతని దగ్గరికే వెళ్తారు. అదే నలభై శాతం అతనిదైతే కొత్త బ్యాచ్‌కి మనుషుల్ని అతనే తెస్తాడు. ఏ సభ్యుడికి బ్యాక్‌హ్యాండ్ బలహీనమో, ఎవరి భార్య కూడా నేర్చుకుందామనుకుంటోందో కమిటీలో ఎవరికన్నా అతనికే బాగా తెలుసు. ఆ శాతం ఎంతన్నది కమిటీ మినిట్స్‌లో రాసి సంతకాలు చేయండి, కార్యవర్గం మారినప్పుడు మళ్ళీ మొదటికి రాకుండా.

స్కూళ్ళు, కాలేజీలతో ఒప్పందం: విజయనగరం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, జేఎన్టీయూ ఉంది, శ్రీకాకుళం వైపూ రెసిడెన్షియల్ విద్యాసంస్థలకి కొదవ లేదు. ఇరవై మందిని ఒకేసారి పంపుతామంటారు, కాగితం మీద అంకె పెద్దగా కనిపిస్తుంది. చిక్కు ఎక్కడంటే బిల్లు. ప్రిన్సిపాల్ గారు సరేనంటారు, అకౌంట్స్ సెక్షన్‌లో ఫైలు ఆగుతుంది, పరీక్షలు, సెలవులు, మళ్ళీ పరీక్షలు. సగం అడ్వాన్స్ ఇస్తేనే ఒప్పుకోండి, అది కూడా రెండు బ్యాచులు సొంతంగా నిలబడ్డాక. ఇరవై మంది ఒక్క మెషిన్ ముందు నిలబడితే ఒక్కొక్కడికి గంటలో దక్కేది పాతిక బంతులు, మిగతా టైమంతా సెల్‌ఫోనే. ఎనిమిది మందికి మించి ఒక గంటకి తీసుకోవద్దు.

వేసవి క్యాంపు సంగతి వేరు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా బళ్ళకి సెలవులు, తల్లిదండ్రులు పిల్లల్ని ఎక్కడ పడేద్దామా అని చూస్తుంటారు. కోర్టులు నిండేది అప్పుడే, డబ్బూ అప్పుడే. కానీ చిన్నపిల్లలకి మెషిన్ చూపించి ఫీజు పెంచకండి. పదేళ్ళ లోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి రూలే పెట్టింది. దాని బదులు వాడేవాటిలో ఎరుపు బంతి మామూలుదానికన్నా 75 శాతం, నారింజ 50 శాతం, ఆకుపచ్చ 25 శాతం నెమ్మది. ఈ చిన్నపిల్లలకి చేత్తో మెల్లగా వేసే బంతే మేలు, బంతి ఎక్కడ పడుతుందో చూసి పరుగెత్తడం వాళ్ళకి మనిషి చేతిని చూస్తేనే అబ్బుతుంది. పదకొండు, పన్నెండేళ్ళు దాటినవాళ్ళకి మెషిన్ పెట్టండి, స్పీడు తగ్గించి.

మెషిన్‌ని బయటి అపార్ట్‌మెంట్లకి అద్దెకి పంపడం అనే ఐదో ఆలోచన కూడా కొందరు చెబుతుంటారు. వద్దు. వెళ్ళిన వస్తువు వెళ్ళినట్టు తిరిగి రాదు.

ఏ గంటల్లో

ఆదాయం అంటే అసలు ఖాళీ గంటల్ని అమ్ముకోవడమే. పెద్దవాళ్ళ డబుల్స్ జోలికి వెళ్ళకండి, చందా కట్టేదీ వాళ్ళే, జనరల్ బాడీలో చేయెత్తేదీ వాళ్ళే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మన వైపు వాతావరణం బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ టైముకి ఆఫీసు వాళ్ళు వెళ్ళిపోతారు, కోర్టు ఖాళీ. అది గృహిణుల బ్యాచ్‌కి సరిగ్గా సరిపోతుంది, పిల్లల్ని బడి బస్సు ఎక్కించి వచ్చేస్తారు. సభ్యుల కుటుంబాల్లోంచే నలుగురు తేలిగ్గా దొరుకుతారు, ఆడవాళ్ళు మాత్రమే ఉన్న బ్యాచ్ అని ముందే చెబితే ఇంకా తొందరగా నిండుతుంది. మార్చి నుంచి ఆ టైము పనికిరాదు, ఎనిమిదింటికే ఎండ మాడ్చేస్తుంది, అప్పుడు రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదికి జరపాలి. లైట్లు మూడు కిలోవాట్లవి అనుకున్నా గంటకి మూడు యూనిట్లు, యూనిట్ పది రూపాయలు వేసుకున్నా ముప్పై రూపాయలు, నలుగురి ఫీజులో అది పెద్ద ఖర్చేం కాదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, అక్టోబర్‌లో తుఫాన్ల భయం, దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ వారం విజయనగరంలో ఎవరూ బ్యాచ్‌కి రారు, రమ్మనడం కూడా బాగోదు. ఈ నెలలకి ఫీజు నెలవారీగా కాకుండా పన్నెండు క్లాసుల ప్యాకేజీగా పెట్టండి, వాన పడిన రోజు లెక్కలోకి రాదు అని. గొడవలుండవు.

కోర్టు మొత్తం ఆపడం ఇష్టం లేకపోతే ఇంకో దారుంది. మెషిన్‌ని ఒక మూలన పెట్టి క్రాస్‌కోర్టు, అంటే మూల నుంచి ఎదురు మూలకి, మాత్రమే ఆడిస్తే, అటువైపు మిగిలిన సగంలో ఒకరిద్దరు సర్వీస్ ప్రాక్టీస్ చేసుకోవచ్చు. కాస్త ఇరుకే గానీ మార్కర్ చూసుకుంటుంటే నడుస్తుంది. కాళ్ళ కింద బంతులు మాత్రం ఉండనివ్వకండి, మడమ తిరిగితే బ్యాచ్ సంగతి దేవుడెరుగు, ఆసుపత్రికి పరిగెత్తాలి. బుట్టలో బంతి ఇరుక్కున్నప్పుడు స్విచ్ ఆపకుండా చేయి పెట్టకూడదన్న రూలు మెషిన్ మీదే తెలుగులో అంటించండి.

ఇప్పుడు మెషిన్ సంగతి

ఎక్కువ మెషిన్లు రెండు చక్రాలవి. ఎదురెదురుగా తిరిగే రెండు చక్రాల మధ్యలోంచి బంతి నలిగి బయటికి దూసుకొస్తుంది, పై చక్రం వేగంగా తిరిగితే టాప్‌స్పిన్ (బంతి ముందుకి దొర్లినట్టు తిరుగుతుంది), కింది చక్రం వేగంగా తిరిగితే అండర్‌స్పిన్ (వెనక్కి తిరుగుతుంది). గాలి ఒత్తిడితో వదిలేవి బంతుల్ని అంతగా అరగదీయవు గానీ మన వైపు వాటికి రిపేరు చేసేవాళ్ళని వెతుక్కోవాలి. లాబ్‌స్టర్, స్పిన్‌షాట్, సిబోయాసి, స్లింగర్ ఇవీ ఎక్కువ వినపడే పేర్లు. స్లింగర్ సంచీలా ఉంటుంది, పదిహేను కిలోలు, 144 బంతులు పడతాయి, ఒక్కడు కారులో వేసుకుని వెళ్ళి ఆడుకోవడానికి ముచ్చటైనది. రోజుకి మూడు బ్యాచులు నడిపే క్లబ్బుకి మాత్రం నేను చక్రాల మీద లాక్కుపోయే కాస్త బరువైన మెషినే చూడమంటాను.

గంటకి 120, 130 కిలోమీటర్ల స్పీడు అని ప్రకటనల్లో రాస్తారు, దానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. మన సభ్యులకి అందులో సగం చాలు. చూడాల్సినవి: రిమోట్ ఉండాలి, లేకపోతే మార్కర్ ప్రతిసారీ నెట్టు చుట్టూ తిరిగి వెళ్ళాలి. బంతికీ బంతికీ మధ్య వ్యవధి రెండు సెకన్ల నుంచి పదీ పన్నెండు దాకా మార్చుకునేలా ఉండాలి. కుడీ ఎడమలకి తిరిగే ఆసిలేషన్ ఉండాలి. ఫోన్ యాప్‌తో ఆరు రకాల డ్రిల్స్ ప్రోగ్రాం చేసుకునేవి పోటీలకి వెళ్ళే పిల్లలున్న అకాడమీకి పనికొస్తాయి, మామూలు క్లబ్బులో వాటిని రెండోసారి ఎవరూ ముట్టుకోరు.

కరెంటుదా, బ్యాటరీదా? బ్యాటరీదే. బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గర ప్లగ్ పాయింట్ ఉన్న కోర్టులు మన దగ్గర తక్కువ, తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ వైరు లాగడం ప్రమాదం, గాలివాన వస్తే కరెంటు పోవడం తెలిసిందే. 2014లో హుద్‌హుద్ తర్వాత, 2018లో తిత్లీ తర్వాత మన రెండు జిల్లాల్లో జనం కరెంటు కోసం ఎలా ఎదురుచూశారో గుర్తుంది కదా. బ్యాటరీలోనూ ఒక మెలిక ఉంది. కంపెనీ సొంత ఆకారంలో చేసిన లిథియం ప్యాక్ తేలిగ్గా ఉంటుంది, బాగుంటుంది, అది పోతే మాత్రం పార్సిల్ వచ్చేదాకా బ్యాచులన్నీ ఆగిపోతాయి. మామూలు 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీతో నడిచేదైతే ఊళ్ళో యూపీఎస్ బ్యాటరీలమ్మే షాపులోనే కొత్తది దొరుకుతుంది. చిన్న ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఈ తేడా స్పీడుకన్నా, బ్రాండుకన్నా ముఖ్యం. ఆ సీల్డ్ బ్యాటరీని ఆడిన రోజే ఛార్జ్ చేయాలి, వానాకాలం ఆడట్లేదు కదా అని ఖాళీగా మూల పడేస్తే సెప్టెంబర్‌కి చచ్చిపోతుంది. సాయంత్రం వరసగా మూడు బ్యాచులుంటే కనీసం నాలుగు గంటలు లాగేది తీసుకోండి.

బంతుల దగ్గర పొదుపు చేద్దామని సభ్యులు ఆడేసిన పాత బంతులన్నీ బుట్టలో పోస్తుంటారు. ఒకటి గాలి పోయి, ఒకటి కొత్తగా, ఒకటి నూగు ఊడి ఉంటే మెషిన్ సెట్టింగు ఒకటే అయినా ఒక బంతి నెట్టుకి తగులుతుంది, ఇంకోటి బేస్‌లైన్ దాటిపోతుంది, ఆడేవాడు మెషిన్ పాడైందంటాడు. ప్రెషర్‌లెస్ బంతులు, అంటే లోపల గాలి ఒత్తిడి మీద ఆధారపడనివి, వంద ఒకేసారి కొనండి, ఒకేసారి మార్చండి. బంతి వంద రూపాయలనుకుంటే పది వేలు, ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండు సార్లు. తడి బంతి అసలు వేయకూడదు, చక్రాల మీద జారుతుంది. మట్టి కోర్టయితే ఎర్రదుమ్ము చక్రాలకి పట్టేస్తుంది, వారానికోసారి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం మార్కర్ పనిలో రాయండి.

విదేశీ మెషిన్‌కి వెబ్‌సైట్‌లో కనపడే ధర అసలు ధర కాదు, కస్టమ్స్, జీఎస్టీ, రవాణా కలుపుకుని మీ క్లబ్బు గేటు దగ్గరికి ఎంతకి వస్తుందో లిఖితంగా అడగండి. దానితోపాటే చక్రాలు, సర్క్యూట్ బోర్డు, రిమోట్ విడిగా దొరుకుతాయా, ఎన్ని రోజుల్లో పంపుతారు అన్నది కూడా. సెకండ్‌హ్యాండ్ మెషిన్ వైజాగ్‌లో ఎక్కడైనా దొరికితే వెళ్ళి గంటసేపు ఆడి చూడకుండా కొనకండి, ఐదు నిమిషాలు అన్నీ బాగానే పని చేస్తాయి.

పెట్టుబడి లేదంటే పదిమంది సభ్యుల దగ్గర తలా పదిహేను వేలు అడ్వాన్స్ తీసుకోవచ్చు, పది నెలల బ్యాచ్ ఫీజుల్లో తగ్గించుకునేలా. ఇలా అయితే బ్యాచులకి మనుషులు కూడా ముందే దొరికినట్టు. కాకపోతే ఆ పదిమంది నుంచీ అన్నాళ్ళు కొత్త డబ్బు రాదు, మార్కర్ వాటా మాత్రం ప్రతి నెలా ఇవ్వాల్సిందే, అది ఎక్కణ్ణుంచి తెస్తారో ముందే చూసుకోండి. దాత ఇస్తానంటే మరీ మంచిది, మెషిన్ మీద ఆయన తల్లిదండ్రుల పేరు రాయించండి. ఇక వసూళ్ళు: ఫోన్‌పే క్యూఆర్ క్లబ్బు ఖాతాదే గోడకి అంటించండి, మార్కర్ సొంత నంబర్‌కి ఎవరూ డబ్బు పంపకూడదు, అతని వాటా నెలాఖరున క్లబ్బు నుంచి అతని ఖాతాకి వెళ్ళాలి. సేవలకి ఏడాదికి 20 లక్షల రాబడి దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, చిన్న క్లబ్బులు అంతదాకా వెళ్ళవు గానీ హాలు అద్దె, క్యాంటీన్ కూడా ఉంటే అవన్నీ కలిపి ఆడిటర్‌కి చూపించండి. మొదటి బ్యాచ్‌ని నవంబర్‌లో మొదలుపెట్టేలా చూసుకుంటే ఫిబ్రవరి దాకా వాన గొడవా ఎండ గొడవా పెద్దగా లేకుండా నడుస్తుంది, అంటే ఆర్డరు సెప్టెంబర్‌లోనే పెట్టాలి.